బల్బుకు అంటని వత్తి

మాదాపూర్‌లో రుక్కమ్మ ఇంట్లో దీపాన్ని ఎవరూ ఆర్పరు. అదే ఆరిపోతుంది. సందెవేళ ఆమె బుడ్డిలో నూనె పోసేటప్పుడు చూడాలి. బుడ్డిని కంటికి ఎదురుగా పట్టుకుని, బొటనవేలిని అడ్డంగా గీతలా ఆనించి, ఆ గీత దాకా పోస్తుంది. అన్నాలు తిని పక్కలు వేసుకునేసరికి తనంతట తాను అయిపోయేంత నూనె. ఒక చుక్క ఎక్కువైతే వంచి తీసేస్తుంది. గాలి తగలకుండా గూట్లో పెట్టి, దానికి ఎదురుగా కూర్చుంటుంది.

ఆ మధ్య వాళ్ల బస్తీకి కరెంటు వచ్చింది. అందరి ఇళ్లకూ తీగలు లాగుతుంటే రుక్కమ్మ తన గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మాకొద్దు సారూ," అంది లైను మనిషితో.

"ఎందుకే? ఊరంత పెట్టుకుంటున్నరు," అన్నాడు ఆమె భర్త పోచయ్య.

"పెట్టుకుంటె ఆర్పాలె గద. నేను ఆర్ప."

"సూసిన్రా సారూ, మా ఇంటిది చీకటితోని సంసారం జేస్తది. నాతోని జేసేది తక్కువనే," అన్నాడు పోచయ్య. లైను మనిషి పగలబడి నవ్వి, తీగచుట్ట భుజానికెత్తుకుని పక్కింటికి పోయాడు. రుక్కమ్మ నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో తెలిసినవాళ్లం కొద్దిమందిమి. నాకు తెలిసినంతవరకు చెబుతాను.

మూసాపేటలో మేము కాపురమున్నది ఒకే పంచకు ఆనుకున్న వరుస ఇళ్లలో. రుక్కమ్మ గుట్టల నడుమ దారిన, నెత్తిన గంపతో, పొద్దు పొడిచే వేళకు మా వీధికి వచ్చేది. గంపలో చెరువు చేపలు, ఒక పక్క ఆకుల్లో చుట్టిన చిన్న రొయ్యలు. మేము నీచు తినమని ఎవరో చెప్పారట ఆమెకు. మా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి గంప మీద తడిగుడ్డ కప్పి, గాలి ఎటు వీస్తుందో చూసుకుని, వాసన మా ఇంట్లోకి రాని పక్కన నడిచేది. నేనెన్నడూ అడగలేదు. ఎండ మండుతున్నా, నెత్తిన బరువున్నా, ఆ నాలుగడుగులు చుట్టూ తిరిగే పోయేది.

ఆమె వాళ్లు తరాలుగా గంగమ్మను నమ్ముకుని చెరువు మీద బతికినవాళ్లు. రొయ్యలు పట్టే తీరు ఒకసారి నాకు చెప్పింది. మసక చీకటి పడుతుండగా ఒడ్డున నిలబడి, నీళ్లకు జానెడు పైన కందిలి పట్టుకోవాలి. కాసేపటికి ఆ వెలుతురులోకి రొయ్యలు బిలబిలా చేరతాయి. అడుగున వల పరిచి ఉంటుంది. కందిలి పట్టేది రుక్కమ్మ, వల ఎత్తేది పోచయ్య.

"దీపాన్ని సూస్తె వాటికి అమ్మను సూసినట్టే," అనేది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆమె చూసింది అదే. దీపం పట్టుకుంటే రొయ్య వస్తుంది. ఇష్టం లేనిదే ఎందుకొస్తుంది?

మా పక్క భాగంలో రామబ్రహ్మం, రత్నమాల ఉండేవారు. కోస్తావాళ్లు, నరసాపురం వైపు. ఆయన ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఆమెకు అప్పటికే రెండు కాన్పులు పోయాయి. మొదటిది ఏడో నెలలో. రెండోది నెలలు నిండాకే.

"ఏడవకుండా పుట్టిందండీ పిన్నిగారూ," అని ఒక్కసారి నాతో అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆమె దిగులు మరిపించాలని రామబ్రహ్మం, నుమాయిష్ ప్రదర్శనలో ఎక్కడో చూసి వచ్చి, గాజుపలకలు అతికించిన తొట్టి ఒకటి చేయించాడు. ముందు గదిలో బల్ల మీద పెట్టాడు. పైన రేకు మూత, ఆ మూత లోపలివైపు ఒక బల్బు. అందులో వేసిన రంగుచేపలు ఆ ఎండాకాలం దాటలేదు. నీళ్లు, అడుగున ఇసుక, బోర్లించిన ఒక పెంకు మాత్రం మిగిలాయి.

డెబ్బై రెండులో కార్తీకమాసం. రత్నమాలకు మళ్లీ ఐదో నెల. రుక్కమ్మ ఇచ్చిపోయిన రొయ్యలు వొలవబోతుంటే ఒకటి వేళ్ల మధ్య కదిలిందట. తిప్పి చూస్తే కడుపు కింద, కాళ్ల నడుమ, గసగసాలంత గుడ్లు గుత్తిగా అంటుకుని ఉన్నాయి. ఆమె నన్ను కేకేసింది. నేను వెళ్లేసరికి రెండు చేతుల్లో నీళ్లు పట్టి, అందులో దాన్ని ఉంచుకుని నిలబడి ఉంది.

"దీన్ని నా చేత్తో ఎలా వండనండీ? ఇదీ నాలాంటిదే కదా."

రుక్కమ్మ వీధి చివర దాటలేదు. పిలిస్తే వచ్చింది. గుడ్లు చూసి మురిసిపోయింది.

"గంగమ్మ తల్లి నీ ఇంటికే పంపింది బిడ్డా. గిది కూరకు గాదు. నీళ్లల్ల ఇడువు."

తొట్టిలో వదిలాం. అది జారుకుంటూ పోయి పెంకు కింద దూరింది. రుక్కమ్మ మూత వైపు చూసి, "ఆ బుగ్గ ఎలుగుతదా?" అని అడిగింది. రత్నమాల మీట నొక్కింది. బల్బు వెలగ్గానే రొయ్య పెంకు కిందినుంచి ఒక్క ఎగురు ఎగిరి, గాజుకు తగిలి, కింద పడి, మళ్లీ పెంకు కిందికే పోయింది.

"సూసినవా దాని సంబురం!" అంది రుక్కమ్మ. మేమూ సంబరమనే అనుకున్నాం.

తర్వాత ఆమె గంప బయట పెట్టి, కాళ్లు కడుక్కుని వచ్చి, రత్నమాల దగ్గర పసుపు కుంకుమ తీసుకుని ఆ రేకు మూతకు బొట్లు పెట్టింది. "కార్తీకంల గంగల దీపమిడుస్తం గద. గిదీ గంగల దీపమే. తల్లికి మొక్కి చెప్తున్న. నీకు నెలలు నిండి, పిల్ల ఏడ్సేదాంక ఈ దీపం ఆరొద్దు. నువ్వు ఆర్పొద్దు, సారును ఆర్పనియ్యొద్దు."

రత్నమాల కళ్లు మూసుకుని దణ్ణం పెట్టింది. సాయంత్రం రామబ్రహ్మం వచ్చి, విని, ఏదో అనబోయి, భార్య మొహంలో చాలా కాలానికి కనిపించిన వెలుగు చూసి ఊరుకున్నాడు.

మొదట్లో అంతా బాగానే ఉన్నట్టుంది. దానికి తోడు కావాలని రుక్కమ్మ ఇంకొన్ని రొయ్యలు తెచ్చి వేసింది. రాత్రీ పగలూ వెలుతురు ఉండేసరికి గాజుకు లోపల పచ్చటి పాచి పట్టింది. రొయ్యలు చిన్న చిన్న చేతులతో దాన్ని గీకి నోట్లో పెట్టుకునేవి. అన్నం తింటున్న పసిపిల్లల్లా ఉన్నాయని రత్నమాల ముచ్చటపడేది.

ఆ తర్వాత వాటి రంగు వెలిసిపోవడం మొదలైంది. చెరువు నుంచి వచ్చినప్పుడు నాచురంగులో, వీపున మట్టిచారలతో ఉండేవి. పోనుపోను ఆ రంగంతా పోయి గాజుముక్కల్లా అయ్యాయి. లోపలి నల్లటి పేగు, తల వెనక కొట్టుకునే గుండె బయటికి కనిపించేవి. పెంకు కింద నీడ కోసం ఒకదాన్నొకటి తోసుకునేవి. చోటు దొరకనిది మూలకు పోయి, తల గాజుకు ఆనించి, కదలకుండా ఉండిపోయేది. నాకెందుకో అటు చూడబుద్ధి అయ్యేది కాదు. దేవుడి దీపం వెలిగే చోట అలాంటి ఊహ రావడమే తప్పనుకుని లెంపలు వేసుకునేదాన్ని.

రొయ్య పెరగాలంటే పైపొట్టు విడవాలి. విడిచిన పూట దాని ఒళ్లు వెన్నముద్దలా ఉంటుంది. ఆ పూట అది చీకట్లో దాక్కోవాలి. ఆ తొట్టిలో చీకటి లేదు. పొట్టు విడిచినదాన్ని విడిచినట్టే మిగతావి చుట్టుముట్టేవి. కొన్ని విడవలేక బిగుసుకుపోయేవి. ఇదంతా తర్వాత కూడబలుక్కుంటే తెలిసిన సంగతి. అప్పుడు మా కళ్లకు కనిపించింది ఒక్కటే. చచ్చిన రొయ్య ఎర్రబడుతుంది. బల్బు కింద వేడెక్కిన నీళ్లలో, పొయ్యి ఎక్కించకుండానే వండినట్టు నారింజరంగుకు తిరిగి, పక్కకు ఒరిగి ఉంటుంది.

మొదటిది అలా కనిపించింది రామబ్రహ్మానికి. భార్య ఇంకా లేవలేదు. దాన్ని తీసి అగ్గిపెట్టెలో పెట్టి, వెనక గుమ్మం దగ్గర రుక్కమ్మ కోసం కాచుకున్నాడు. నేను తులసికోట దగ్గర నీళ్లు పోస్తున్నాను. రుక్కమ్మ రాగానే అగ్గిపెట్టె ఆమె చేతిలో పెట్టాడు.

"దీనికి బదులు ఇంకోటి వెయ్యి రుక్కమ్మా. ఆవిడ చూడకూడదు."

ఆమె తెరిచి చూసింది. మూసింది. మొహం నల్లబడింది. "పరేషాన్ గాకు సారు. నేనున్న గద," అంది.

ఇక అది వాళ్లిద్దరి పని అయింది. తెల్లవారగానే వెనక గుమ్మం దగ్గర దొంగల్లా గుసగుసలు.

"ఇయ్యాల మళ్లా?"

"మళ్లీనే."

"పెద్దదా?"

"పెద్దదే. గుడ్లది."

రుక్కమ్మ చిన్న ముంతలో తెచ్చిన బతికిన రొయ్యను తొట్టిలోకి వంచి, చచ్చినదాన్ని కొంగున ముడేసుకుని పోయేది. రత్నమాల లేచి వచ్చి, తొట్టి ముందు కూర్చుని, "నా తల్లి క్షేమంగా ఉంది," అనుకునేది. ఆమెకు అన్నీ ఒకేలా కనిపించేవి. గుడ్లతో ఉన్న రొయ్య ఒకటి తొట్టిలో ఉన్నంతకాలం తన కడుపుకు భయం లేదని ఆమె గట్టిగా పట్టుకుంది. అది పోతే ఏమవుతుందో ఆమె అనలేదు. అననక్కర్లేకుండానే మా అందరికీ తెలుసు.

ఒకసారి రామబ్రహ్మం వేడి తగ్గుతుందేమోనని బల్బు తీసి చిన్నది పెట్టాడు. ఆమె గదిలోకి వస్తూనే ఆగిపోయింది. "దీపం ఎందుకండీ నీరసించింది?" అని, పొట్ట మీద చెయ్యేసుకుని గోడకు చేరగిలబడింది. ఆయన ఆ క్షణమే పాత బల్బు మళ్లీ బిగించాడు.

పుష్యమాసంలో పుట్టింటికి తీసుకుపోవాలి. అప్పుడే కోస్తాలో ప్రత్యేక రాష్ట్రం కోసం ఆందోళనలు. రైళ్లు నిలిచిపోయాయి. ఆమె తండ్రి రాలేకపోయాడు. ఇక్కడ మా వీధిలో కూడా కోస్తావాళ్లను చూసి మొహం తిప్పుకునేవాళ్లు తయారైన రోజులవి. రుక్కమ్మ మాత్రం గంప దించి, వాళ్ల అరుగు మీద బాసింపట్టు వేసుకుని, రత్నమాల వాచిన కాళ్లు ఒళ్లో పెట్టుకుని ఆముదం రాసేది. ఎదురింటామె ఎవరో, "ఏందే రుక్కమ్మా, ఆంధ్రోళ్ల కాళ్లు పిసుకుతున్నవ్," అంది.

"నీ కాళ్లు వాసినా పిసుకుత. నువ్వు ముందుగాల కడుపుతోనుండు," అంది రుక్కమ్మ తల ఎత్తకుండా. వీధి వీధంతా నవ్వింది. రత్నమాల కూడా.

వానలు లేని ఏడు అది. కరెంటు కోతలు మొదలయ్యాయి. దీపం పోయిన ప్రతిసారీ రత్నమాల కేక వినిపించేది. మా వరుసలో అందరికీ ఆమె మొక్కు సంగతి తెలుసు. ఎవరి చేతిలో ఏ దీపముంటే అది పట్టుకుని పరుగెత్తేవాళ్లం. లాంతరు, బుడ్డి, కొవ్వొత్తి. ఆమె కాళ్లు పిసకడం ఎగతాళి చేసిన ఎదురింటామె కూడా కొంగు చాటున ప్రమిద పట్టుకుని వచ్చింది. కరెంటు వచ్చేదాకా తొట్టి చుట్టూ నిలబడేవాళ్లం. ఎంత మంచి మనసులో ఆ దీపాలు పట్టుకున్నవి! ఆ దీపాల నడుమ నీళ్లలో రొయ్యల కళ్లు నిప్పురవ్వల్లా మెరిసేవి. అవి ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ పెంకు కిందికి దూరడానికి గింజుకునేవి.

రుక్కమ్మ తన రొయ్యల కందిలిని కూడా వాళ్లింట్లోనే వదిలిపెట్టింది.

"నా కందిలి దానమిచ్చినవు. ఇగ మిణుగురుపురుగుల దండ మెడల ఏసుకొని పోవాల్నా చెర్వుకు?" అన్నాడట పోచయ్య.

"చెర్ల రొయ్యలుంటె గద దీపం," అందట.

నిజమే. చెరువు ఎండుతోంది. ఒడ్డు నుంచి నీళ్లు వెనక్కి పోయి, పగుళ్లు పట్టిన బురద నడుమ ఒక మడుగు మిగిలింది. మోకాలిలోతు బురదలో దిగి రుక్కమ్మ వెతికేది. ముంతలో ఒకటి దొరికిన రోజు ఉంది, ఏమీ దొరకని రోజూ ఉంది. రత్నమాలకు తొమ్మిదో నెల వచ్చేసరికి తొట్టిలో మిగిలింది ఒక్క రొయ్య. గుడ్లతో ఉన్నది. దాన్ని వదిలిన పొద్దున రుక్కమ్మ రామబ్రహ్మంతో అంది, "గిదే ఆఖరిది సారు. ఇగ గంగమ్మ తాన లేవు."

ఆ మాట వెనక గుమ్మంలోనే ఉండిపోవాలి. కానీ తలుపు చాటున రత్నమాల నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో. లోపలికి పోయి తొట్టి ముందు కూర్చుంది. ఆ రోజు నుంచి అక్కడే తిండి, అక్కడే నడుం వాల్చడం.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం నేను ఆమెకు తోడుగా కూర్చుని విష్ణు నామాలు చదువుకుంటున్నాను. కిటికీలో పడమటి వెలుతురు ఇంకా కొంచెం ఉంది. కరెంటు పోయింది. కందిలి కోసం నేను లేవబోతుంటే రత్నమాల నా చెయ్యి పట్టుకుంది.

"ఉండండి పిన్నిగారూ. చూడండి."

పెంకు కిందినుంచి రొయ్య బయటికి వచ్చింది. మొదట మీసాలు, తర్వాత తల. ఆగింది. ఇసుక మీద మెల్లగా నాలుగడుగులు నడిచింది. అన్నాళ్లుగా దాన్ని అలా తీరిగ్గా నడవగా మేం చూడలేదు. నడుమ నిలబడి, కడుపు కింది కాళ్లను విసనకర్రలా ఆడిస్తూ గుడ్లకు నీళ్లు విసురుకుంది. వెనక కాలు మడిచి ఒక్కొక్క గుడ్డునూ తడిమి చూసుకుంది. చూస్తుండగానే దాని ఒంటికి సన్నగా రంగు దిగినట్టనిపించింది. రత్నమాల ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఆమె చెయ్యి తన పొట్ట మీద అలాగే తిరుగుతోంది.

వీధిలో పరుగు వినిపించింది. సందెపూట చూసిపోదామని వస్తున్న రుక్కమ్మ, ఇంట్లో వెలుతురు లేకపోవడం చూసి వచ్చి, తలుపు పక్క కందిలి అందుకుని, వెలిగించి, రొప్పుతూ తొట్టి మీదికి ఎత్తింది.

రొయ్య ఎగిరింది. గాజుకు తగిలింది, మళ్లీ తగిలింది. దాని కడుపు కిందినుంచి గసగసాల్లాంటివి కొన్ని జారి నీళ్లలో తేలిపోయాయి.

"వెనక్కి తియ్యి! రుక్కమ్మా, దీపం వెనక్కి తియ్యి!"

రుక్కమ్మ చెయ్యి అక్కడే ఉండిపోయింది. నేనే కందిలి లాక్కుని వెనక గదిలో పెట్టి తలుపు మూశాను.

"ఏందమ్మా... గది సంబురం గాదా?"

"కాదు. భయం," అంది రత్నమాల. "ఇన్నాళ్లూ భయమే."

రుక్కమ్మ గోడ పట్టుకుని కూర్చుంది. "వలలకొచ్చేటియి... గవ్వి గుడ భయంతోనే వచ్చినయా?" అని ఎవరినో అడిగింది. నన్ను కాదు.

అంతలో కరెంటు వచ్చింది. బల్బు తనంతట తానే వెలిగింది. రొయ్య మళ్లీ గాజుకు కొట్టుకుంది. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన రామబ్రహ్మం మా మొహాలు చూసి, సంగతి విని, "స్విచ్చే కదా, ఆర్పేద్దాం," అంటూ గోడ దగ్గరికి నడిచాడు. మీట మీద వేలు పెట్టాడు. దేవుడంటే పెద్దగా పట్టింపు లేని మనిషి. వేలు తీయలేదు, నొక్కనూ లేదు. చివరికి, "నా వల్ల కాదు రత్నం," అని చెయ్యి దించాడు.

వెలిగితే ఆ తల్లి చస్తుంది. కరెంటు పోవడం మన చేతిలో లేదు, మన చేత్తో ఆర్పితే మొక్కు తప్పుతుంది. ఎటు చూసినా రత్నమాల కడుపు మీదికే వస్తోంది.

బయట చీకటి పడ్డాక రుక్కమ్మ లేచింది. "ఆర్పొద్దు. మారుద్దాం," అంది. "మా తాన గంగమ్మ దీపం ఆర్పం. ఒక దీపం నుంచి ఇంకో దీపం ముట్టిస్తం. కొత్తది ఎలిగినంక పాతదాన్ని సాగదోలుతం. గప్పుడు దీపం పోయినట్టు గాదు, ఇల్లు మారినట్టు. గీ బుగ్గల నుంచి ప్రమిద ముట్టిచ్చి దేవునికాడ పెడుదాం. గప్పుడు నొక్కు సారు."

"అది అంటుకోదు రుక్కమ్మా. లోపల వెలిగే తీగ అది, చుట్టూ గాజు."

"వేడున్నది గద. పట్టుకోనీ."

ఆయన మళ్లీ వద్దనలేదు. నేనూ అనలేదు. రత్నమాల అంత ఆశగా చూస్తోంది. నేను పత్తి తెచ్చి వత్తి చేసి, నూనెలో ముంచి ఇచ్చాను. రామబ్రహ్మం రేకు మూత ఎత్తి పక్కకు ఒరిగించి పట్టుకున్నాడు. మూత లోపల చెమటలా పట్టిన నీటిబొట్లు మెరుస్తున్నాయి. రుక్కమ్మ వత్తి కొసను బల్బుకు ఆనించింది.

గాజు మీద నూనె చిటచిటలాడింది. మాడు వాసన వచ్చింది. దారంలాంటి పొగ లేచింది. "తల్లీ, పట్టుకో. పట్టుకో తల్లీ," అంటోంది రుక్కమ్మ. వత్తి నల్లబడుతోంది తప్ప నిప్పు అంటుకోవడం లేదు. ఆమె ఇంకా గట్టిగా అదిమింది. మూత కొంచెం వంగింది. నీటిబొట్టు ఒకటి జారింది.

టప్పుమంది.

చీకటి. గాజుపెంకులు నీళ్లలో పడిన చప్పుడు. కొత్త దీపం వెలగలేదు, పాతది పోయింది. నడుమ ఏమీ లేదు. నా నోట నామం రాలేదు.

ఆ చీకట్లో రుక్కమ్మ గొంతు వినిపించింది. ఎప్పుడూ గంప దించుతూ పలకరించే గొంతు కాదది.

"నా చెయ్యి. నా చేతుల పోయింది. అమ్మ ఆర్పలే, సారు ఆర్పలే. ఇంటున్నవా తల్లీ? వచ్చే కీడేదన్న ఉంటె గీ చెయ్యి దిక్కు రా. ఈ గడప తొక్కకు."

"అలా అనకు రుక్కమ్మా!" అని రత్నమాల ఏడ్చింది. అనేసిన మాట అనేసినట్టే ఉంది. నేను అగ్గిపుల్ల గీసేసరికి ఆమె నల్లబడిన వత్తిని గుప్పిట్లో మూసుకుని నిలబడి ఉంది. ప్రమిదలోని నూనె మేము దేవుడి దగ్గర ఇంకో వత్తితో వెలిగించాం. మాడిన వత్తిని ఆమె కొంగున ముడేసుకుని గుట్టల వైపు నడిచిపోయింది.

తొట్టి చీకట్లో ఉండిపోయింది. గాజుపెంకుల మధ్య చెయ్యి పెట్టడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆ తర్వాత ఒక పొద్దున రత్నమాల నన్ను పిలిచింది. పెంకు అంచు మీద, కనురెప్ప వెంట్రుకల్లాంటివి కదులుతున్నాయి. ఒక్కోదానికి రెండు నల్లటి చుక్కలు, కళ్లు. పక్కనే తల్లి, నాచురంగులో, వీపున మట్టిచారలతో. నేను చేతులు జోడించాను.

ఫాల్గుణంలో దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. వరండా చివరిదాకా వినిపించేలా ఏడ్చింది. రామబ్రహ్మం సైకిలెక్కి మాదాపూర్ పరుగెత్తాడు. రుక్కమ్మ బురద మడుగు ఒడ్డున ఉందట. విని రెండు చేతులూ నెత్తిన జోడించింది.

"గట్టిగ ఏడ్సిందా సారు?"

"చెవులు పగిలేట్టు ఏడ్చింది."

"సల్లగుండాలె," అంది. నీళ్ల వైపు చూస్తూ, "అయితే ఇగ నా దిక్కే వస్తది," అంది.

అప్పటి నుంచి ఆమె ఎదురుచూస్తోంది. కట్ట మీద జారి కాలు విరిగితే, కట్టు కట్టించుకుంటూ, "ఇది గాదు," అంది. ఇంటి కప్పు వానకు కూలితే, తడిసిన బట్టలు ఏరుకుంటూ, "గిదీ గాదు. గిది చిన్నది," అంది. పోచయ్యకు విషజ్వరం వచ్చి, మంచంలోంచి లేవడన్నారు. ఆమె తిండి మాని మంచం కోడు పట్టుకుని కూర్చుంది. అతను లేచాడు. "నేను సావలేదని మా ఇంటిదానికి రంది," అని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించాడు. ఆ తల్లి దయగలది, ఏదీ రాదు, మనసులోంచి తీసెయ్యమని నేను ఎన్నోసార్లు చెప్పాను. "అట్లనే అమ్మా," అనేది నా మాట కాదనలేక. గంప మీద తడిగుడ్డ కప్పుకుని, మా గుమ్మం దగ్గర చుట్టూ తిరిగి పోయేది. కందిలి పట్టి రొయ్యలు పట్టడం మాత్రం మళ్లీ చేయలేదు. చేపలే అమ్ముకుంది.

ఈ కార్తీకంలో ఆమె కొన్నాళ్లుగా మూసాపేట రావడం లేదని మేమే చూడబోయాం. రామబ్రహ్మం, రత్నమాల, వాళ్ల ఆరేళ్ల భవాని, నేను. చెరువు నిండుగా ఉంది. రుక్కమ్మ భవానిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, జుట్టు విప్పి చిక్కు తీస్తూ, నోరారా ఏవేవో కబుర్లు చెప్పింది. సందె పడుతుంటే లేచి, బుడ్డి ఎత్తి, వేలు అడ్డం పెట్టి, నూనె పోసి, వెలిగించి గూట్లో పెట్టింది. గూటి మూలన నల్లటి వత్తి ఒకటి చిన్న గుడ్డ మీద పెట్టి ఉంది. రత్నమాల దాన్ని చూసి చూపు తిప్పుకుంది.

"కరెంటు పెట్టించుకోవచ్చు కదా రుక్కమ్మా?" అంది భవాని. "మా ఇంట్లో ఇంత పెద్ద లైటుంది."

"నీ ఇంట్ల ఉంటె నా ఇంట్ల ఉన్నట్టే బిడ్డా."

ఇంకా అన్నాలు కాలేదు. పొయ్యి మీద ఎసరు కూడా మరగలేదు. గాలి లేదు. గూట్లో దీపం ఒక్కసారి నీలంగా కుంచించుకుని, పోయింది.

రుక్కమ్మ ఊపిరి మాత్రం వినిపిస్తోంది. నేల మీద ఆమె చెయ్యి తడుముకుంటున్న చప్పుడు.

"బిడ్డా? ఏడున్నవ్ బిడ్డా?"

"ఇక్కడే ఉన్నాను."

"ఇంకోపారి చెప్పు."

"ఇక్కడే ఉన్నా రుక్కమ్మా. నీ పక్కనే."

రామబ్రహ్మం జేబులో అగ్గిపెట్టె కోసం వెతుకుతున్నాడు. బయట మంచం మీదినుంచి పోచయ్య కేకేశాడు. "ఏందే, అప్పుడే పాయె? నూనె తక్కువ పోసినట్టున్నవ్!"

"తక్కువ పోయలే," అంది రుక్కమ్మ, పిల్ల చెయ్యి వదలకుండా. "గీత దాంకనే పోసిన."